ఒంటిచేతి సైగ

రాయిస్ కారు ముందు నిలబడితే నోరీన్‌కి రెండు చేతులూ లేస్తాయట, మొగుడి కారు ముందు నిలబడితే ఒక్క చెయ్యే లేస్తుందట. అలాగని పందెం బాట దగ్గర బంగాళాదుంపలు వేయించి అమ్మే ఓపల్ అన్నదట. అన్నది ఎక్కడో కాదు, ఆదివారం చర్చి భోజనాల దగ్గర, బంగాళాదుంప సలాడ్ వడ్డిస్తూ, పది మంది వినేలా. విన్న పదిమందిలో ఆ మొగుడు వెర్లిన్ అక్క జ్యుయెల్ ఒకతె. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు పొద్దున్నే ధాన్యం కాటా దగ్గరికి వచ్చి, తమ్ముడి చేతిలో శాండ్‌విచ్ పొట్లం పెట్టి, "నేను నమ్మలేదనుకో. అయినా నీ చెవిన వెయ్యడం నా ధర్మం కదా" అని ఉన్నదంతా కక్కేసి, తేలికపడి వెళ్ళిపోయింది.

పొట్లం విప్పకుండానే వెర్లిన్ దాన్ని కాటా కిటికీలో పెట్టాడు. మధ్యాహ్నానికి చీమలు పట్టాయి.

వెర్లిన్ స్ట్రౌడ్ ఆ ఊరి గోదాము కాటా మనిషి. మొక్కజొన్న లారీలు వస్తాయి, కాటా ఎక్కుతాయి, ఇతను బరువు చెప్తాడు. అతను చెప్పిన బరువుకి ఆ చుట్టుపక్కల తిరుగు లేదు. సొంత మేనమామ లారీ అయినా ఒక్క పౌను కలపడు, పగవాడి లారీ అయినా ఒక్క పౌను తియ్యడు. "వెర్లిన్ కాటా" అని కెంటకీలో ఆ మూల సామెతే ఉంది. అయితే అది కాటా వరకే. కార్ల విడిభాగాల కొట్టులో కౌంటర్ మీద మోచెయ్యి ఆనించాడంటే మాత్రం వేరే మనిషి. తన పాత నోవా కారు ఇంజను అయిదువందల యాభై గుర్రాల బలమని ఏళ్ళ తరబడి చెప్తున్నాడు. నిజానికి నాలుగువందలు దాటవని అతనికీ తెలుసు, ఇంజనుకీ తెలుసు.

ఆ నోవాతోనే ప్రతి శనివారం కార్ల పందెం బాటకి వెళ్తాడు. అక్కడ ఒక పద్ధతి ఉంది. టైర్లు తడిపి, గిర్రున తిప్పి వేడెక్కించాక, కారుని గీత దగ్గరికి తేవాలి. తలకి తొడుగు పెట్టుకుని సీట్లో కూర్చున్నవాడికి ముందు చక్రం ఎక్కడుందో కనబడదు. అందుకని కారు ముందు ఒక మనిషి నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఇటు, ఇంకాస్త, చాలు అని చేత్తో చెప్పాలి. పెళ్ళైన కొత్తల్నుంచీ వెర్లిన్‌కి ఆ చెయ్యి నోరీన్‌దే. కుడిచెయ్యి. నాలుగు వేళ్ళు మడిచి రమ్మంటుంది, పిడికిలి బిగిస్తే ఆగాలి. చివర్లో పక్కకి తప్పుకుంటూ బానెట్ మీద అరచేత్తో ఒకసారి తడుతుంది, గొడ్డుని తట్టి తోలినట్టు. ఆ తట్టు లేకుండా వెర్లిన్ ఎప్పుడూ గీత దాటలేదు.

అలాంటి చెయ్యి ఈ ఎండాకాలం నుంచి ఇంకో కారు ముందు కూడా లేస్తోంది.

రాయిస్ వాళ్ళ ఎదురింటివాడే. పోయిన చలికాలం అతని పెళ్ళాం ఒక ఇన్సూరెన్స్ మనిషితో లూయివిల్ వెళ్ళిపోయింది. గీత దగ్గర నిలబడేదానికి మనిషి లేక రాయిస్ రెండు వారాలు వంకరగా బయల్దేరి, ఒకసారి గోడకి గుద్దుకున్నంత పనైంది. "పాపం వాడికెవరూ లేరు, నేను నిలబడతానులే" అంది నోరీన్. అప్పుడు వెర్లిన్ తలూపాడు. రాయిస్ కారు, ఆ మాలిబు, అప్పట్లో తవుడు తిన్న గేదెలా కదిలేది మరి. మే నెలలో రాయిస్ ఆ బండికి కొత్త కన్వర్టరు వేయించాడు. ఆ శనివారం దీపం ఆకుపచ్చగా వెలగ్గానే మాలిబు ముందు చక్రాలు రెండూ నేల విడిచి గాల్లోకి లేచాయి. నోరీన్ చప్పట్లు కొట్టి, గంతేసి, "అమ్మో, నా కడుపులో చేపలు ఈదాయి!" అంది.

వెర్లిన్ నోవాకి ఆమె అలా గంతెయ్యగా ఎవరూ చూడలేదు.

కారుని చూసి కుళ్ళా, పెళ్ళాం చేతుల్ని చూసి కుళ్ళా అంటే వెర్లిన్‌కే తెలీదు. రెండు వాగులు కలిసిన చోట ఏ నీళ్ళు ఏ వాగువో ఎవడు చెప్తాడు? జ్యుయెల్ చెప్పాక వచ్చిన శనివారం పనిగట్టుకుని గట్టు మీద నిలబడి చూశాడు. ఓపల్ అబద్ధం చెప్పలేదు. రాయిస్ కారు ముందు నోరీన్ రెండు చేతులూ తలకంటే పైకెత్తి రమ్మంటోంది. చొక్కా పైకి లేచి నడుము కనబడుతోంది.

ఆ సాయంత్రం బీన్స్ పులుసులోకి మొక్కజొన్న రొట్టె చిదుపుతూ అడిగాడు. "వాడికి రెండు చేతులెందుకు?"

"ఏంటీ?"

"వాడి కారు ముందు రెండు చేతులెత్తుతావు. నాకు ఒక్కటే."

నోరీన్ చెంచా ఆపింది. "వాడి బానెట్ మీద గాలి పీల్చే డబ్బా ఎంత ఎత్తుందో చూశావా? సీట్లోంచి ఒక్క చెయ్యి కనబడి చావదు. పొయ్యిగొట్టం వెనక నించి చూసినట్టుంటుంది వాడికి."

"ఇకమీదట వాడి ముందు నిలబడొద్దు."

"కారణం?"

కారణం చెప్పాలంటే ఓపల్ పేరెత్తాలి. లేదంటే తన కడుపు విప్పి చూపించాలి. రెండూ కుదరక రొట్టె నమిలాడు.

నోరీన్ నవ్వింది. "ఓరి నీ కుళ్ళు! వాడి బండి లేస్తుంది, చూడ్డానికి సరదాగా ఉంటుంది. నీదీ లేపు. లేచిన రోజు నీ ముందు తప్ప ఇంకెక్కడా నిలబడను, సరేనా? ఆఖరి పందెంలో మీ ఇద్దరికీ జోడీ పడ్డా సరే."

ఆమె వేళాకోళానికే అంది. వెర్లిన్ దాన్ని బైబిల్ మీద ఒట్టులా పట్టుకున్నాడు.

ఇక్కడ కన్వర్టరు సంగతి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఆటోమేటిక్ బండిలో ఇంజనుకీ గేరుపెట్టెకీ మధ్య నూనె నిండిన ఉక్కు గుమ్మడికాయ ఒకటుంటుంది, అదే కన్వర్టరు. బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటరు, అదే గ్యాసు, తొక్కితే ఇంజను కొంతవరకూ గింజుకుని అక్కడ ఆగుతుంది. ఆ ఆగిన చోటుని స్టాల్ అంటారు. పొట్టేలు వెనక్కి తగ్గేది కుమ్మడానికే కదా, ఇదీ అంతే. స్టాల్ ఎంత పైన ఉంటే బండి అంత ఊపు కూడగట్టుకుని దూకుతుంది. వెర్లిన్ పాత కన్వర్టరు నిమిషానికి మూడువేల నాలుగొందల చుట్ల దగ్గర ఆగేది. రాయిస్‌ది నాలుగువేలు. వెర్లిన్‌కి నాలుగున్నర కావాలి. ఎందుకు నాలుగున్నర అంటే, రాయిస్‌ది నాలుగు కాబట్టి.

ఆ పనికి చుట్టుపక్కల ఒక్కతే మనిషి, మాక్సీన్. అరవై దాటింది, సిగరెట్టు నోట్లోంచి తియ్యకుండానే వెల్డింగ్ చేస్తుంది. ఒక్కో కన్వర్టరు ఒక్కో బండి కోసం కోసి, లోపలి రెక్కలు వంచి, అతికి ఇస్తుంది. వరసగా పేర్చి అమ్మే సరుకు కాదు. విడిభాగాల కొట్టు కౌంటర్ మీదున్న ఫోనులోంచి వెర్లిన్ ఆమెని పిలిచాడు. అవతల ఆమె "ఆఁ, చెప్పు" అనే సమయానికి తలుపు గంట మోగింది. రాయిస్ లోపలికొచ్చాడు. టోపీ ఎత్తి పలకరించి, స్పార్క్ ప్లగ్గులు చూస్తూ పక్కనే నిలబడ్డాడు.

"నాలుగున్నర వేల స్టాల్ కావాలి, మిస్ మాక్సీన్," అన్నాడు వెర్లిన్, కొంచెం గట్టిగానే.

"అది నేను చెప్తా, ముందు బండి సంగతి చెప్పు. నువ్వు ఎక్కి కూర్చుంటే ఎంత బరువు?"

వెర్లిన్‌కి ఆ అంకె కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. తన కాటా మీదే తూచాడు. మూడువేల ఆరొందల పౌన్లు. రాయిస్ మాలిబు మూడువేల రెండొందలని ఊరందరికీ తెలుసు. రాయిస్ ఒక ప్లగ్గు తీసి వెలుతుర్లో చూస్తున్నాడు.

"మూడువేల వంద," అన్నాడు వెర్లిన్.

"తేలికే. ఇంజను బలం?"

"అయిదొందల యాభై."

అవతల సిగరెట్టు పొగ వదిలిన చప్పుడు. "నాయనా, ఈ కొట్టుల్లో చెప్పుకునేది కాదు నేనడిగేది. ఒకే కన్వర్టరు బలమైన ఇంజను వెనక పెడితే పైకి పోతుంది, బక్క ఇంజను వెనక పెడితే కిందే చతికిలబడుతుంది. నువ్వు బలం ఎక్కువ చెప్తే, బరువు తక్కువ చెప్తే నేను దాన్ని బిగించి కడతాను, అది నీ బండిలో ఇంకా కిందే ఆగుతుంది. అర్థమైందా? ఇప్పుడు మళ్ళీ చెప్పు."

రాయిస్ ప్లగ్గు కింద పెట్టి ఇటు చూశాడు. చెడ్డ చూపేం కాదు. మామూలుగా, పక్కవాడి ఫోను అయిపోతే తనూ మాట్లాడదామని చూసే చూపు. వెర్లిన్‌కి మాత్రం ఆ చూపులో నోరీన్ రెండు చేతులూ కనబడ్డాయి.

"చెప్పాగా మిస్ మాక్సీన్. అయిదొందల యాభై. ఇంకా ఎక్కువే ఉంటుందేమో గానీ తక్కువుండదు."

"సరే. నీ నోరు, నీ ఇష్టం," అని ఆమె పెట్టేసింది.

"గట్టి ఇంజనే మరి," అన్నాడు రాయిస్ మనస్ఫూర్తిగా. ఆ మనస్ఫూర్తితనమే వెర్లిన్‌కి ఒళ్ళు మండించింది.

కన్వర్టరు అక్టోబరులో వచ్చింది, ఆఖరి పందేనికి వారం ముందు. మొగుడూ పెళ్ళాలిద్దరూ షెడ్డులో బండి కింద దూరి గేరుపెట్టె దించారు. కొత్త దాన్ని నోరీన్ రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా తిప్పుతూ లోపలికి తోసింది. అది సరిగ్గా కూర్చుంటే మూడుసార్లు టక్కుమంటుంది. ఆమె చెవి ఆనించి వింది.

"ఒకటి... రెండు... ఏదీ, మొండికేస్తోంది నీలాగే... ఆఁ, మూడు!"

నూనె మరకల చెయ్యి చాచి అతని ముక్కు మీద ఒక చుక్క పెట్టింది. వెర్లిన్ నవ్వాడు. ఆ క్షణం రాయిస్ అనేవాడు భూమ్మీద లేడు.

మళ్ళీ పుట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. బండిని రోడ్డెక్కించి, బ్రేకు తొక్కిపట్టి, గ్యాసు అదిమాడు. చుట్లు చూపించే ముల్లు లేచింది. మూడువేల దగ్గర ఆగింది. మళ్ళీ తొక్కాడు. మూడువేలే. తీసేసిన పాతదే దీనికంటే నయం. పక్క సీట్లోంచి నోరీన్ వంగి చూడబోతే, వెర్లిన్ టోపీ తీసి ఆ ముల్లు మీద తగిలించాడు.

"ఎంతకి పోతోంది?"

"పోతోందిలే. కొత్తది కదా, నూనె కాగాలి."

నూనె వారమంతా కాగుతూనే ఉంది. ముల్లు కదల్లేదు. మాక్సీన్ తనకి పాడు సరుకు అంటగట్టిందని వెర్లిన్ మొదట అనుమానపడ్డాడు, తర్వాత నమ్మాడు, ఆఖరికి చూసినట్టే చెప్పుకోసాగాడు. ఎవడికి వాడు చెప్పుకునే అబద్ధానికి సాక్షులక్కర్లేదు. ఇంకా ముందుకెళ్ళి, ఎదురింటివాడు ఆమె పాత బేరం కదా, ఇద్దరూ మాట్లాడుకుని ఉంటారని కూడా అనుకున్నాడు.

ఆ బాట మీద పందెం వేగానిది కాదు. ఎవడి బండి ఎన్ని సెకన్లలో చివరికి చేరుతుందో వాడే ముందుగా అద్దం మీద తెల్ల బూట్‌పాలిష్‌తో రాయాలి. నిదానం బండిని ఆ తేడా మేరకు ముందు వదుల్తారు. రాసిన అంకెకి దగ్గరగా వచ్చినవాడు గెలుస్తాడు. అంటే తన బండి సంగతి తనకి తెలిసినవాడి ఆట. వెర్లిన్ ఇన్నేళ్ళూ గెలిచింది అందుకే. కౌంటర్ దగ్గర ఎన్ని కోతలు కోసినా, అద్దం మీద మాత్రం కాటా మనిషిలా రాసేవాడు. పన్నెండున్నర అంటే పన్నెండున్నరే. ఆ రెంటినీ ఎప్పుడూ ఒకదాని మొహం ఒకటి చూడనివ్వలేదు.

ఆఖరి శనివారం పొద్దున అందరూ బండిని ఒకసారి పరిగెత్తించి చూసుకున్నారు. వెర్లిన్ వెళ్ళలేదు. "పెట్రోలు వృథా" అన్నాడు. తర్వాత జోడీలు చదివారు. మొదటి వరసలోనే వెర్లిన్ స్ట్రౌడ్, రాయిస్.

నోరీన్ బూట్‌పాలిష్ సీసా పట్టుకుని వచ్చింది. "పన్నెండున్నరేనా?"

పక్క వరసలో రాయిస్ తన అద్దం మీద తనే వంకర టింకరగా పదకొండుంబావు అని రాసుకుంటున్నాడు.

"పదకొండూ ముప్పావు," అన్నాడు వెర్లిన్.

"ఈ బండి ఆ టైము ఏ జన్మలో పరిగెత్తింది?"

"రాయమన్నది రాయి."

ఆమె అతని మొహంలోకి ఒకసారి చూసి రాసింది. అంకెలు గుండ్రంగా, అందంగా వచ్చాయి. రాయిస్ నడిచి వచ్చాడు. "నోరీన్, ఇవాళ నా తిప్పలు నేను పడతాలే. మొగుడితోనే ఉండు," అన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

ఆ ఉండమనడం కూడా వాడే చెప్పాలా అని వెర్లిన్ పళ్ళు కొరికాడు.

టైర్లు తిరిగాయి, పొగ లేచింది. పొగలోంచి నోరీన్ వచ్చి నోవా ముందు నిలబడింది. నోవా ముందే.  నోరీన్ ఒకసారి గట్టు మీదికి చూసింది. అక్కడ ఓపల్ వేయించిన బంగాళాదుంపల బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చర్చి మాట నోరీన్‌కీ చేరిందన్నమాట. చూడు, కళ్ళారా చూడు అన్నట్టు, నోరీన్ రెండు చేతులూ తలకంటే పైకెత్తింది.

ఎండాకాలమంతా దేనికోసం కుళ్ళాడో అది తన ముందే లేచి నిలబడేసరికి, వెర్లిన్‌కి ఏ చెయ్యి చూడాలో తెలీలేదు. ఇన్నేళ్ళూ కుడిచేతి నాలుగు వేళ్ళే చదువుకున్నాడు. ఎడమది రమ్మంటోందా, ఆగమంటోందా? బండి గీత దాటి ముందుకు పోయింది.

"వెర్లిన్! వెనక్కి లాగవయ్యా! ఇంటికి పోతున్నావా?" అని దీపాల మనిషి అరిచాడు. గట్టంతా నవ్వింది. వెనక్కి లాగి, మళ్ళీ సర్ది నిలబెట్టేసరికి నోరీన్ ఎప్పుడో పక్కకి తప్పుకుంది. ఆ గొడవలో బానెట్ మీద తట్టడం మర్చిపోయింది.

దీపం వెలిగింది. నిదానం బండి కాబట్టి నోవాకే ముందు వెలిగింది. వెర్లిన్ గ్యాసు నేలకి అదిమాడు. నోవా బురదలోంచి గేదె లేచినట్టు, ఒక మూలుగు మూలిగి, కదిలింది. ముందు చక్రాలు గాల్లోకి కాదు కదా, కనీసం ముట్టె కూడా ఎత్తలేదు. సగం దారి కూడా కాకుండా పక్క నుంచి రాయిస్ మాలిబు నారింజరంగు గాలిలా దూసుకుపోయింది. చివర బోర్డు మీద అంకె వెలిగింది. పన్నెండూ ముప్పావు. రాసినదానికంటే నిండు సెకను ఆలస్యం. వెర్లిన్ ఆ బాట మీద అంత దూరం ఎప్పుడూ తప్పలేదు.

తిరిగొచ్చే దారిలో తన చోటికి పోకుండా బండిని తిన్నగా మాక్సీన్ వ్యాను దగ్గరికి పోనిచ్చాడు. ఆవిడ ఆఖరి పందేనికి తప్పకుండా వస్తుంది, మడతకుర్చీ వేసుకుని తను చేసినవన్నీ ఎలా పరిగెడుతున్నాయో చూస్తూ కూర్చుంటుంది. తొడుగు కూడా తియ్యకుండా వెర్లిన్ దిగాడు. నోరీన్ పరిగెత్తుకొచ్చింది. రాయిస్ వచ్చాడు. ఓపల్ బంగాళాదుంపల గరిటెతో సహా వచ్చింది. ఆవిడ వెనకే తినేవాళ్ళూ వచ్చారు.

"మిస్ మాక్సీన్, నాకు అంటగట్టింది చెత్త!" అన్నాడు వెర్లిన్. "నాలుగున్నర వేలు అడిగితే మూడువేల దగ్గర చచ్చింది. చూశావుగా, ఊరందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశావు."

మాక్సీన్ కుర్చీలోంచి లేవలేదు. "తొడుగు తియ్యి, మాట వినబడట్లేదు."

తీశాడు. జుట్టంతా చెమటతో అతుక్కుపోయి ఉంది.

"బరువు మూడువేల వందన్నావు కదూ?"

"మూడువేల వందా?" అంది నోరీన్ ఆశ్చర్యంగా. ఆమెకి కపటం లేదు, కొలత తప్పిందనే కంగారే తప్ప. "అది కాదే! మూడువేల ఆరొందలు. నువ్వేగా మీ కాటా మీద తూచావు, నేను కిటికీ దగ్గర నిలబడి అంకె చదివాను..."

చెప్తూ చెప్తూ మొగుడి మొహం చూసి ఆగిపోయింది. వెనక ఎవడో "వెర్లిన్ కాటా!" అన్నాడు. ఓపల్ గరిటె నోటికి అడ్డం పెట్టుకుంది.

రాయిస్ ముందుకొచ్చాడు. "ఫోనులో సరిగ్గా వినబడి ఉండదు మాక్సీన్. నేనప్పుడు అక్కడే ఉన్నా, కొట్టులో ఒకటే గోల..."

"నిన్నెవడు అడిగాడ్రా!" అని వెర్లిన్ అతని మీద విరుచుకుపడ్డాడు. "నా కారుకి నువ్వు వకాలతా? నా ఇంట్లోంచి ఒకటి పట్టుకుపోయింది చాల్లేదా?"

కొట్టులో నిజంగా ఏ గోలా లేదు. అది ముగ్గురికీ తెలుసు. రాయిస్ మొహం ఎర్రబడింది. టోపీ నెత్తిన పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. నోరీన్ తెల్ల పాలిష్ అంటిన రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టేసుకుంది.

వెర్లిన్ ఆ జేబులకేసి చూశాడు. చూసి, ఇంక ఎటు పోవాలో తెలీని గొడ్డులా మళ్ళీ మాక్సీన్ మీదికే తిరిగాడు. "అదంతా నాకనవసరం. నువ్వు చేసింది నా బండికి పని చెయ్యట్లేదు. అవునా, కాదా?"

మాక్సీన్ సిగరెట్టు నోట్లోంచి తీసింది. ఆవిడ సిగరెట్టు తియ్యడం చాలామంది అదే మొదటిసారి చూడటం.

"నీ బండికి నేనెప్పుడు చేశానయ్యా? నువ్వు చెప్పిన బండికి చేశాను. ఆ బండి తీసుకురా."